పేజీ ఎవరెవరితో మాట్లాడుతోంది?

(సొంత వెబ్‌సైట్లు నడుపుకునే చిన్న వ్యాపారులు, డిగ్రీ విద్యార్థులు కలిసిన ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. తెర మీద చూపించిన చోట్ల ఆ వివరాన్ని మాటల్లో చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకి తెర మీద అక్షరాలు కనబడుతున్నాయా? కనబడకపోతే ముందుకి వచ్చేయండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను చెప్పేదానికంటే మీరు చూడాల్సింది ఎక్కువ.

రెండేళ్ల కిందట మా నాన్నగారికి రక్తపరీక్షలు చేయించాం. రిపోర్టు ఆన్‌లైన్లో చూసుకోండని ల్యాబ్ వాళ్లు ఫోనుకి లింకు పంపించారు. ఏ ల్యాబో ఇక్కడ అనవసరం. రాత్రి అన్నాలయ్యాక నా ల్యాప్‌టాప్‌లో ఆ లింకు తెరిచాను. నా బ్రౌజర్లో ఎప్పుడూ ఒక ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజరుకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము ఉంటుంది, తెరిచిన పేజీ ఎక్కడెక్కడికి కనెక్టవుతోందో అది లెక్క చూపిస్తుంది. రిపోర్టు పేజీ అంటే ఆ ల్యాబ్ సర్వరు ఒక్కటే కనబడాలి కదా. అక్కడ తొమ్మిది పేర్లున్నాయి. సరే, చూద్దామని ఒక్కో వరసా చదువుతూ వచ్చాను. ఒక వరస దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అది ఒక ప్రకటనల కంపెనీకి వెళ్లే బొమ్మ అభ్యర్థన. బొమ్మంటే కంటికి ఆనేది కాదు. ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు, అంతే. దాని చిరునామా మాత్రం తెర మీద మూడు వరసలు పాకింది. అందులో ‘డీఎల్’ అని ఒక ముక్క. డాక్యుమెంట్ లొకేషన్‌కి పొడి అక్షరాలవి, అంటే ఇప్పుడు నువ్వు చూస్తున్న పేజీ చిరునామా. ఆ పేజీ చిరునామాలోనే మా నాన్నగారి ఫోన్ నంబరు ఉంది, చేయించిన పరీక్ష పేరు ఉంది. రెండూ ఆ బొమ్మ వెంట ఆ కంపెనీకి వెళ్లబోయాయి.

ఆ రాత్రి నా బ్రౌజర్లో ఎక్స్‌టెన్షన్ దాన్ని ఆపింది. కానీ అదే లింకుని ముందు రోజు మా అమ్మ తన ఫోన్లో తెరిచి చూసింది. అక్కడ ఆపేదేమీ లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ల్యాబ్ వాళ్లు కావాలని చేశారని నేను అనుకోను. సైటు తయారుచేసినవాళ్లు అన్ని పేజీలకీ ఒకే స్క్రిప్టు, అంటే పేజీలో నడిచే కోడ్ ముక్క, అతికించారు, రిపోర్టు పేజీకి కూడా అతుక్కుంది. ఆ తర్వాత ఎవరూ తెరిచి చూడలేదు. నేను ఇవాళ ఇక్కడ నిలబడింది ఆ చూడకపోవడం గురించి మాట్లాడదామనే.

పేజీ తెరవడమంటే ఏం జరుగుతుందో కాస్త చెప్పుకుందాం. మీరు చిరునామా కొడతారు, ఆ సర్వరు నుంచి ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు వస్తుంది. అందులో అచ్చంగా ఉండే సరుకు తక్కువ. ఈ ఫాంటు ఫలానా చోట ఉంది తెచ్చుకో, ఈ బొమ్మ ఇంకోచోట ఉంది తెచ్చుకో, ఈ స్క్రిప్టు మరోచోట ఉంది తెచ్చి నడుపు అనే పురమాయింపులే ఎక్కువ. బ్రౌజరు చెప్పినవన్నీ చేస్తుంది. పెళ్లికి వంటవాణ్ణి మాట్లాడుకుంటాం, తెలుసు కదా. ఆయన తన మనుషుల్ని నలుగురిని తెచ్చుకుంటాడు, వాళ్లలో ఒకడు ఇంకో ఇద్దర్ని పిలుస్తాడు. పెరట్లో ఎవరు ఎవరి తాలూకో ఇంటాయనకే తెలీదు. ఇంతమంది ఇంట్లో తిరుగుతుంటే నగల పెట్టె ఉన్న గదికి తాళం వేసుకోమని పెద్దవాళ్లు చెబుతారు. వెబ్ పేజీ దగ్గర మనకి ఆ పెద్దవాళ్లు లేరు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. ఈ కనెక్షన్లన్నీ బయల్దేరేది మీ కంప్యూటర్ నుంచి. మీ ఐపీ చిరునామాతో, మీ కుకీలతో (మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైట్లు మీ బ్రౌజర్లో దాచే గుర్తులు), మీరు డబ్బులు కట్టిన ఇంటర్నెట్ మీద వెళ్తాయి. సర్వరు గదిలో ఏం జరుగుతుందో మనకి తెలియకపోవచ్చు. మన ఇంట్లోంచి ఏం బయటికి పోతోందో తెలుసుకునే హక్కు మాత్రం మనకుంది. కరెంటు మీటరు గోడకి ఉన్నట్టే ఇదీ కళ్లెదురుగా ఉండాలి.

చూసే సాధనాలు కొత్తవేమీ కావు. 2006లో జో హెవిట్ ఫైర్‌ఫాక్స్ కోసం ఫైర్‌బగ్ అనే ఎక్స్‌టెన్షన్ రాశాడు. పేజీ తెప్పించుకునే ప్రతి ఫైలునీ, దానికి పట్టిన సమయాన్నీ వరసగా చూపించేది. ఇవాళ చాలా బ్రౌజర్లలో ఎఫ్12 నొక్కితే వచ్చే నెట్‌వర్క్ ట్యాబ్ ఆ దారిలో వచ్చిందే. 2017కి ఫైర్‌బగ్ ఆగిపోయింది. అంతకుముందే ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లు కొల్యూజన్ అని ఒకటి తెచ్చారు, 2013లో దాని పేరు లైట్‌బీమ్ అయింది. మీరు తెరిచిన సైట్లు గుండ్రంగా, మీరు పిలవకుండా వచ్చిన సైట్లు త్రికోణంగా, మధ్య గీతలు. పది నిమిషాలు బ్రౌజ్ చేస్తే తెర మీద సాలెగూడు తయారయ్యేది. నా చేత మొదటిసారి ఈ విషయం ఆలోచింపజేసింది అదే. 2019లో దాన్నీ ఆపేశారు, నాకు బాధేసింది. సామాన్యుడికి ఒక్క చూపులో అర్థమయ్యే సాధనం మళ్లీ అంత అందంగా రాలేదు.

ఇప్పుడు నేను వాడేది యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ అనే ఆయన 2014లో మొదలుపెట్టాడు. విరాళాలు కూడా తీసుకోడు. చాలామంది దీన్ని ప్రకటనలు ఆపడానికి పెట్టుకుంటారు, వెళ్లే ప్రతి కనెక్షన్నీ వరసగా రాసిపెట్టే లాగర్ దాని లోపలుంది, అటువైపు ఎవరూ వెళ్లరు. నా దృష్టిలో అసలు సొత్తు ఆ లాగరే. రండి, చూద్దాం.

(తెర మీద ఫైర్‌ఫాక్స్. ఒక తెలుగు వార్తల సైటు తెరిచారు. పేరు కనబడకుండా చిరునామా పట్టీని కప్పారు.)

ఇదిగో, పైన కుడివైపు డాలు ఆకారం. నొక్కాను. పెద్ద పవర్ బటన్ ఉంది, కింద కనెక్టయిన డొమైన్లు ఎన్నో, అడిగినవి ఎన్నో రాసుంది. ‘మరిన్ని’ అన్నచోట నొక్కితే ఎడమవైపు పేర్ల జాబితా విచ్చుకుంటుంది. పేరు పక్కన ప్లస్‌లు, మైనస్‌లు ఉన్నాయి చూడండి. వెళ్లినవాటికి ప్లస్, ఆపినవాటికి మైనస్. ఒక్క గుర్తుంటే పదిలోపు, రెండుంటే వందలోపు, మూడుంటే వంద, అంతకు పైన. ఒక్క పేజీకి, ఒక్క పేరు పక్కన మూడు ప్లస్‌లు చూసినరోజు నేను రీలోడ్ చేసి మళ్లీ చూశాను, నమ్మకం కుదరక.

ఇక లాగర్. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పేజీ తెరిచేసి, తర్వాత లాగర్ తెరిచి, ఏమీ లేదే అంటారు. లాగర్ తెరిచి ఉన్నప్పుడే రాస్తుంది, మూసి ఉంటే రాయదు. ముందు దీన్ని తెరవాలి, తర్వాత పేజీని రీలోడ్ చెయ్యాలి. చేస్తున్నాను. చూశారా, వరసలు ఎలా దూకుతున్నాయో. ఎడమ పక్క సమయం. ఎర్రగా, రెండు అడ్డగీతలతో ఉన్నవి ఆపినవి. తర్వాత ఏ పేజీ తరఫున వెళ్తోందో, సొంత డొమైనా బయటిదా, అది స్క్రిప్టా, బొమ్మా, ఫాంటా, కుడివైపు పూర్తి చిరునామా.

రకం అని రాసి ఉన్న గడి మీద కన్నేసి ఉంచండి. బొమ్మ, ఫాంటు మామూలువి. స్క్రిప్టు అంటే వచ్చి మీ పేజీలో కూర్చునేది, అది ఏదైనా చదవగలదు, కాబట్టి రెండుసార్లు చూడాలి. వెబ్‌సాకెట్ అంటే మాట్లాడటం అయిపోయినా ఫోను పెట్టకుండా లైన్లో ఉండటం. చాట్‌లకీ, క్రికెట్ స్కోర్లకీ అది అవసరం. వార్త చదువుకునే పేజీలో ఎందుకో అడగాలి. బీకన్ అని ఇంకోటి. మీరు పేజీ మూసి వెళ్లిపోతున్నా సరే, ఆఖరి కబురు చేరవేసి రావడానికి పుట్టింది. ఇదిగో, ఇప్పుడు ట్యాబ్ మూస్తాను. మూశాను. లాగర్లో చూడండి, రెండు వరసలు కొత్తగా వచ్చాయి.

ఇంకో మెలిక. నేనిప్పుడు చూపించింది ఎక్స్‌టెన్షన్ ఆపుతూ ఉండగా వచ్చిన లెక్క. మొదటి స్క్రిప్టుని గుమ్మంలోనే ఆపేస్తే అది పిలవాల్సిన నలుగురూ అసలు పుట్టరు. నిజంగా ఆ పేజీ స్వభావం తెలియాలంటే ఆ పవర్ బటన్ నొక్కి, ఆపడం మానేసి, మళ్లీ రీలోడ్ చేయాలి. లాగర్ మాత్రం రాస్తూనే ఉంటుంది. ఇది బ్యాంకు పేజీలో చేయొద్దు, వేరే ప్రొఫైలు పెట్టుకుని చేయండి. చేస్తున్నాను...

(సభలో గుసగుసలు.)

అవునమ్మా, ఇంకా వస్తూనే ఉన్నాయి. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. సైటువాళ్లు పెట్టింది బహుశా రెండో మూడో స్క్రిప్టులు. ఒకటి ట్యాగ్ మేనేజరు, అది ఇంకో నాలుగింటిని పిలుస్తుంది. ఒకటి ప్రకటనల జాగా. ఆ జాగాని మీకు చూపించడానికి అప్పటికప్పుడు వేలం నడుస్తుంది, పాటలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరూ మీ కుకీని పోల్చుకుంటారు. కింద అనుమతి అడిగే డబ్బా వచ్చింది చూడండి, ‘కుకీలకు ఒప్పుకుంటారా’ అని. నేనింకా దేనిమీదా నొక్కలేదు. సమయం గడి చూసి చెప్పండి, డబ్బా వచ్చేలోపు ఎన్ని వెళ్లిపోయాయో. ఈ సైటువాళ్ల మీద నాకు కోపం లేదు. పత్రిక నడవాలంటే ప్రకటనలుండాలి. నా ఇంటి తలుపు తట్టి అడుగుతున్నప్పుడు నా జవాబు కోసం ఆగాలి కదా, నా పేచీ అంతవరకే.

మా నాన్నగారి చిరునామా ముక్క సంగతికి వస్తాను. మీలో కంప్యూటర్ సైన్సు చదివేవాళ్లకి ఒక ప్రశ్న రావాలి: ఇప్పటి బ్రౌజర్లు బయటి సైటుకి పూర్తి పేజీ చిరునామా పంపవు కదా అని. నిజమే. ఏ పేజీ నుంచి అడుగుతున్నారో చెప్పే రిఫరర్ హెడర్లో బయటి సైట్లకి డొమైను పేరు మాత్రమే పంపడం క్రోమ్‌లో 2020లో, ఫైర్‌ఫాక్స్‌లో 2021లో అలవాటు చేశారు. మంచి మార్పు. కానీ అది బయట నిలబడి అడిగేవాడికి వర్తిస్తుంది. స్క్రిప్టు వచ్చి పేజీలోనే కూర్చుంది. కూర్చుని చిరునామా పట్టీ తనే చదువుకుని, తనే చీటీ రాసి, బొమ్మ అభ్యర్థనకి అంటించి పంపుతుంది. హెడర్ ఎంత బిగించినా ఆ చీటీ ఆగదు. ఆ చీటీ కనబడే చోటు లాగర్లో కుడివైపు గడి ఒక్కటే. అందుకే పేర్లు లెక్కపెట్టి ఊరుకోకండి, చిరునామా చివరిదాకా చదవండి.

హెచ్‌టీటీపీఎస్ తాళం ఉంది కదా, ఇదంతా ఎలా చదవగలుగుతున్నాం అని కూడా అడగవచ్చు. తాళం పడేది బ్రౌజర్ నుంచి బయటికి వెళ్లేటప్పుడు. వైర్‌షార్క్ లాంటిది నెట్‌వర్క్ తీగ మీద కూర్చుని వింటుంది, దానికి ఎవరితో మాట్లాడుతున్నారో తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ఎక్స్‌టెన్షన్ తాళం వెయ్యకముందే, ఉత్తరం కవర్లో పెట్టకముందే చూస్తుంది. దాని బలం అక్కడే ఉంది. దాని ప్రమాదమూ అక్కడే ఉంది, అది తర్వాత చెబుతాను.

చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి రెండు సంగతులు. రెండూ 2018వే.

బ్రిటిష్ ఎయిర్‌వేస్. ఆ ఏడాది ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 5 దాకా తమ సైటులో, యాప్‌లో టికెట్లు కొన్నవాళ్ల కార్డు వివరాలు దొంగలపాలయ్యాయని ఆ సంస్థ ప్రకటించింది. తొలుత చెప్పిన లెక్క 3,80,000 చెల్లింపులు. దొంగలు చేసిన పనల్లా సైటు ఎప్పట్నుంచో వాడుతున్న ఒక స్క్రిప్టు ఫైలు చివర 22 వరసలు అతికించడం. కొనేవాడు బటన్ నొక్కి వేలు తియ్యగానే, ఫారంలో ఉన్నదంతా ఒక కాపీ తీసి ఇంకో డొమైనుకి పంపేది. ఆ డొమైను పేరు ‘బీఏవేస్ డాట్ కామ్’ (baways.com). చూడగానే కంపెనీదే అనిపించాలని. దానికి తాళం గుర్తు కోసం డబ్బు కట్టి మరీ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. పేజీ మామూలుగా పనిచేసింది, టికెట్ వచ్చింది, ఎవరికీ ఏ తేడా కనబడలేదు. కనెక్షన్ల జాబితాలో మాత్రం ఒక కొత్త పేరు ఉంటుంది. తమ చెల్లింపు పేజీ ఎవరితో మాట్లాడాలో రాసి పెట్టుకుని, రోజుకోసారి పోల్చి చూసుకునే మనిషి ఒక్కరుంటే చాలు, ఆ పేరు పట్టుబడేది. 2020 అక్టోబరులో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం ఆ సంస్థకి 2 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది.

ఆ కమిషనర్ కార్యాలయానికే 2018 ఫిబ్రవరి 11న ఇలాంటి దెబ్బ తగిలింది. చూపు లేనివారికి పేజీని చదివి వినిపించే బ్రౌజలౌడ్ అనే స్క్రిప్టుని వాళ్లూ వాడేవారు. దాన్ని ఎవరో మార్చేసి కాయిన్‌హైవ్ కలిపారు. కాయిన్‌హైవ్ అంటే పేజీ తెరిచినవాడి కంప్యూటర్ చేత మొనేరో అనే క్రిప్టో నాణేన్ని తవ్వించే స్క్రిప్టు. ఒక్క ఫైలు మారితే 4 వేలకు పైగా సైట్లు ఒకేసారి తవ్వకం మొదలుపెట్టాయి.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో జరిగింది అనుకోకండి. అదే 2018 సెప్టెంబరులో గువాహటికి చెందిన భద్రతా పరిశోధకులు మన దేశపు సైట్లని జల్లెడ పట్టారు. ఇలా తవ్వే స్క్రిప్టులు దొరికినవాటిలో ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలన సంచాలకుల సైటు, తిరుపతి నగరపాలక సంస్థ సైటు, మాచర్ల పురపాలక సంఘం సైటు ఉన్నాయని పత్రికల్లో వచ్చింది. అలాంటి సైట్లు ఎవరు తెరుస్తారు? ఇంటిపన్ను కట్టేవాళ్లు, పుట్టినతేదీ పత్రం కావాల్సినవాళ్లు. ఇంటర్నెట్ సెంటరులో పాత కంప్యూటరు ముందు కూర్చున్న మనిషికి ఫ్యాను గర్రుమంటుంటే ‘సిస్టమ్ స్లోగా ఉందండీ’ అని చెప్పి ఉంటారు. లాగర్ తెరిచి ఉంటే కాయిన్‌హైవ్ పేరు, పక్కన వెబ్‌సాకెట్ అన్న రకం, రెండూ కళ్లబడేవి. 2019 మార్చిలో కాయిన్‌హైవ్ మూతబడింది. ఆ దారి మూతబడలేదు. 2024లో చాలా సైట్లకి ఒక స్క్రిప్టు అందించే పాలీఫిల్ డాట్ ఐఓ అనే డొమైను చేతులు మారింది, కొత్త యజమానుల చేతిలో ఆ స్క్రిప్టు ఫోన్లలో చూసేవాళ్లని జూదం సైట్లకి మళ్లించడం మొదలుపెట్టింది. అప్పటికి దాన్ని వాడుతున్న సైట్లు లక్షకి పైనే.

(సభలోంచి ఒక మహిళ: సార్, మాది పచ్చళ్ల సైటు. మా అబ్బాయి స్నేహితుడు చేసిపెట్టాడు. మేం ఏమీ పెట్టలేదు కదా, మాకూ ఇవన్నీ ఉంటాయా?)

మంచి ప్రశ్న అమ్మా. ‘మేం ఏమీ పెట్టలేదు’ అన్నవాళ్ల సైట్లే నేను ఎక్కువ చూశాను. రెడీమేడ్ థీము తీసుకుంటారు, దానితో ఫాంట్లు, బొమ్మలు తిప్పే స్క్రిప్టు, మ్యాపు, ఎప్పుడో ప్రయత్నించి వదిలేసిన చాట్ డబ్బా వస్తాయి. డబ్బా తీసేశాం అనుకుంటారు, దాని స్క్రిప్టు ఉండిపోతుంది. ఉంటే తప్పేనా అంటే, అన్నీ తప్పు కావు. డబ్బులు తీసుకునే గేట్‌వే బయటిదే అయి తీరాలి. బొమ్మలు తొందరగా రావడానికి సీడీఎన్, అంటే చాలాచోట్ల కాపీలు ఉంచే సర్వర్ల వరస, బయటే ఉంటుంది. పేరు తెలియనిది కనబడగానే దొంగ అనుకోవద్దు. ప్రతి పేరుకీ ‘ఇది ఎందుకుంది’ అంటే మీరు జవాబు చెప్పగలగాలి. చెప్పలేనిదాన్ని పట్టుకుని మీ అబ్బాయి స్నేహితుణ్ణి అడగండి.

ఫాంట్ల సంగతి తెలుగువాళ్లుగా మనకి ప్రత్యేకం కాబట్టి ఒక్క మాట. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, నోటో సాన్స్ తెలుగు, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్ నుంచి చాలా తెలుగు సైట్లు నేరుగా తెప్పించుకుంటాయి. అంటే మీ పేజీ తెరిచిన ప్రతి మనిషి ఐపీ చిరునామా అక్కడికీ వెళ్తుంది. 2022 జనవరిలో జర్మనీలో మ్యూనిక్ కోర్టు ఒకటి ఈ విషయం మీదే ఒక సైటు యజమాని చేత చూసినవాడికి 100 యూరోలు ఇప్పించింది. ఆ ఫాంట్లన్నీ ఓపెన్ లైసెన్సువి. దించుకుని మీ సర్వరులోనే పెట్టుకోవచ్చు. అరగంట పని. మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, మీ తరఫున పని వేరేవాళ్లు చేసినా బాధ్యత మీదేనంటుంది. ‘ఆ స్క్రిప్టు మాది కాదండీ’ అంటే చెల్లదు.

(ఒక విద్యార్థి: సార్, ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే ఇవి ఉండవు కదా?)

ఉంటాయి తమ్ముడూ. ఇన్‌కాగ్నిటోలో మీ కంప్యూటర్ గుర్తుపెట్టుకోదు, అవతలివాడు గుర్తుపెట్టుకోడని కాదు. పైగా ఎక్స్‌టెన్షన్లకి అక్కడ విడిగా అనుమతి ఇవ్వకపోతే అవి పనిచెయ్యవు, అంటే అక్కడ మీటరు కూడా ఉండదు.

ఇప్పుడు ఇందాక ఆపిన ప్రమాదం సంగతి. కవర్లో పెట్టకముందే ఉత్తరం చదివేవాణ్ణి ఇంట్లో పెట్టుకుంటున్నాం. ఎక్స్‌టెన్షన్ పెట్టేటప్పుడు ‘అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవడానికి, మార్చడానికి’ అని అనుమతి అడుగుతుంది. చదవకుండా సరే అనేస్తాం. 2019లో డేటాస్పై పేరుతో బయటపడ్డ వ్యవహారంలో, జూమ్ చేసి చూపించేవి, చదివి వినిపించేవి సహా ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు తెరిచిన పేజీల చిరునామాలన్నీ బయటికి చేరవేశాయి. గ్రేట్ సస్పెండర్ అనేది లక్షలమంది వాడింది. యజమాని మారాడు, 2021లో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. అందుకని నా మాట: చూడటానికి ఒక్కటి చాలు. కోడ్ అందరికీ బహిరంగంగా ఉన్నది, ఎవరు రాస్తున్నారో తెలిసినది పెట్టుకోండి. పేరు అచ్చంగా పోల్చుకోండి. ‘యూబ్లాక్’ వేరు, ‘యూబ్లాక్ ఆరిజిన్’ వేరు. మిగతావి ఇవాళ ఇంటికెళ్లి తీసేయండి.

క్రోమ్ వాడేవాళ్లకి ఒక చేదు కబురు. గూగుల్ మేనిఫెస్ట్ వీ3 అని కొత్త పద్ధతి తెచ్చింది. అందులో ఎక్స్‌టెన్షన్ కనెక్షన్లని చూడొచ్చు, కానీ ఒక్కోదాన్నీ చూసి అప్పటికప్పుడు ఆపే అధికారం మామూలు వాడుకరుల ఎక్స్‌టెన్షన్లకి లేదు. నియమాలు ముందే రాసిచ్చి బ్రౌజరుకి అప్పగించాలి. 2025 నడిమికి యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం క్రోమ్‌లో ఆగిపోయింది. లైట్ అని చిన్నది ఉంది కానీ ఇందాక మీరు చూసినంత పని అందులో లేదు. నేను ఫైర్‌ఫాక్స్‌లో ఉండిపోవడానికి కారణం ఇదే. ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా ఫైర్‌ఫాక్స్ ఈ ఎక్స్‌టెన్షన్ని తీసుకుంటుంది. మా అమ్మ ఫోన్లో ఆ మర్నాడే పెట్టాను.

దీనికి కనబడనివీ ఉన్నాయి, అవీ చెప్పాలి. ఫోన్లో యాప్‌లు ఏం చేస్తున్నాయో దీనికి తెలియదు, ఇది బ్రౌజర్ లోపల మాత్రమే. సైటువాడు మీ వివరాలు తన సర్వరులో దాచుకుని అక్కడ్నుంచి ఇంకొకరికి పంపితే అదీ కనబడదు. మారువేషం ఒకటుంది: ట్రాకర్ కంపెనీ సర్వరుకి సైటువాళ్లు తమ సొంత పేరు తగిలిస్తారు, సైటు పేరు అడిగితే సర్వరు చిరునామా చెప్పే డీఎన్ఎస్‌లో, ఒక పేరుని ఇంకో పేరుకి మళ్లించే సీనేమ్ అనే వరసతో. బయటివాడు ఇంటివాడి పేరుతో కనబడతాడు. ఫైర్‌ఫాక్స్‌లో డీఎన్ఎస్ అడిగి ఆ ముసుగు తీసే వీలు ఎక్స్‌టెన్షన్లకి ఉంది. 2020 నుంచి యూబ్లాక్ ఆరిజిన్ ఆ పని చేస్తోంది. లాగర్లో ఒకే అభ్యర్థన రెండు వరసలుగా, రెండో వరస వేరే రంగులో కనబడితే అదే.

లాగర్ తెర ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఆ చిరునామాల్లో మీ లాగిన్ తాళంచెవులు ఉండొచ్చు. పంపాల్సి వస్తే డొమైను పేరు ఉంచి మిగతాది కొట్టేయండి.

(ఒక పెద్దాయన: ఆ ల్యాబ్ సంగతి ఏమైందండీ?)

చెబుతానండీ. మూడు రోజులు ఆలోచించాను. గొడవ చేద్దామా, ఊరుకుందామా అని. చివరికి ఒక పేజీ ఉత్తరం రాశాను, తెలుగులోనే. ఏ పేజీ, ఏ సమయం, ఏ డొమైను, ఏ ముక్కలో ఏముంది, నంబరు సగం కొట్టేసి. ఇది మా ఒక్కరిది కాదు, మీ దగ్గరికొచ్చే ప్రతి రోగిదీ అని రాశాను. కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఇస్తే మేనేజరుకి ఇస్తానంది. నెల గడిచింది, జవాబు లేదు. ఆర్నెల్లకి నాన్నగారికి మళ్లీ పరీక్షలు. లింకు వచ్చింది. ముందు లాగర్ తెరిచాను, తర్వాత లింకు నొక్కాను. ఆరు వరసలు వచ్చి ఆగిపోయాయి. ఆరూ వాళ్ల సర్వరువే. చిరునామాలో ఫోన్ నంబరు పోయి అర్థంకాని అక్షరాలు వచ్చాయి. నాన్నగారు పక్కనే కూర్చుని ‘షుగర్ ఎంతుందిరా’ అని అడుగుతున్నారు, నేను ఇంకా ఆ ఆరు వరసలే చూస్తున్నాను.

సరే, ల్యాప్‌టాప్‌లు తీయండి. పచ్చళ్లమ్మా, మీ సైటుతోనే మొదలుపెడదాం, మీకు అభ్యంతరం లేకపోతే. ముందు లాగర్.